ఒక్క ఊపిరిలో ఎంతవరకు

ఇరవై రెండు అని రాశాను. దాని పక్కన పది గంటల ఐదు నిమిషాలు అని రాశాను. మందుల పెట్టె చించి దేవకుమారి సిస్టర్ ఇచ్చిన అట్టముక్క నున్నగా ఉండి పెన్ను జారుతోంది, అందుకని ప్రతి అంకె మీదా రెండోసారి దిద్దాను. అమ్మ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని, మళ్ళీ పీల్చకుండా, ఎంతవరకు అంకెలు చెప్పగలిగితే అంతవరకు. ఇరవై రెండు దగ్గర ఆగిపోయింది. పది నిమిషాలకి మళ్ళీ అడగాలి, మళ్ళీ రాయాలి, అది నా పని. "చదువుకుంటున్నావుగా, రాయగలవా అమ్మా?" అని సిస్టర్ అడిగితే తల ఊపాను. నోటితో అవును అనలేదు. నోటితో నేను అనేవి చాలా తక్కువ. బడిలో హాజరు పిలిచేటప్పుడు నా పేరు దగ్గరికి వచ్చేసరికి మాస్టారు తల ఎత్తి చూస్తారు, స్తుతి వచ్చిందో లేదో కళ్ళతోనే తెలుసుకోవాలి కాబట్టి. చర్చిలో నా చేత వాక్యం చదివించాలని పాస్టరమ్మగారు ఒకసారి నిలబెడితే పుస్తకం పట్టుకుని నిలబడే ఉన్నాను, చివరికి అమ్మే ఆడవాళ్ళ వరసలోంచి లేచి నా బదులు చదివేసింది. మాట్లాడాల్సినవన్నీ నేను డైరీలో రాసుకుంటాను. ఆ డైరీ ఇప్పుడు నా ఒళ్ళో ఉన్న బడిసంచిలోనే ఉంది. పొద్దున ఆటోలో ఎక్కించేటప్పుడు పక్కింటి సుబ్బరావమ్మ అత్త ఆ సంచిలోనే అమ్మకి ఒక చీరా తువ్వాలూ కుక్కింది. చీర తీశాక సంచి తేలికవ్వాలి గదా, అవలేదు.

అమ్మ గోడవైపు మంచం మీద ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది గాని గాలి వేరే మంచానికి వెళుతోంది. అమ్మ రెప్పలు సగానికి దిగి ఉన్నాయి, చూసేవాళ్ళకి నిద్రమత్తులా కనపడుతుంది. నోటి పక్కనుంచి లాలాజలం కారుతుంటే నేను తువ్వాలుతో తుడుస్తున్నాను. తుడుస్తున్నప్పుడల్లా ఆ వాసన కోసం నా ముక్కు వెతుకుతోంది. వద్దన్నా వెతుకుతోంది. మందు వాసన. మా వైపు పురుగుమందుకి వేరే పేరు అక్కర్లేదు, మందు అంటే చాలు, మందు తాగింది అంటే ఇంకెవరూ ఏం మందు అని అడగరు. పొద్దున్నుంచి ఆ మాట మా ఇంటి నుంచి ఊళ్ళో ఆరెంపీ డాక్టరు దగ్గరికి, ఆరెంపీ నుంచి ఆటోవాడికి, ఆటోవాడి నుంచి ఈ ఆసుపత్రి గేటు దగ్గరికి అమ్మకన్నా ముందే వచ్చేసింది. స్ట్రెచర్ తెచ్చిన బుల్లయ్య అనే ఆయన "మందేనా?" అన్నాడు. మా నాన్న ప్రేమదాసు మాట్లాడకుండా నిలబడ్డాడు. ఆ నిలబడటమే జవాబు అయింది.

అమ్మ మాత్రం చెప్పింది. ఆ మాట ఎవరూ రాసుకోలేదు. డాక్టరు ప్రసన్నకుమార్ గారు బుగ్గ మీద తట్టి "ఏం తాగావమ్మా? ఎంత తాగావు?" అంటే "తాగలా" అంది. నాలుక మందంగా తిరిగి ఆ మాట ముద్దగా వచ్చింది. "అందరూ ముందు అదే అంటారు" అన్నారాయన, కోపంగా కాదు, వంద సార్లు చూసిన సినిమా గురించి చెబుతున్నట్టు. ఆయన నిన్న పొద్దున్నుంచీ డ్యూటీలో ఉన్నారట. బల్ల మీద ఆయన టీ అట్టకట్టి ఉంది. రాత్రి నుంచి మూడు మందు కేసులు వచ్చాయని, అందులో ఒకతను తెల్లారేసరికి పోయాడని బుల్లయ్య ఎవరికో చెబుతుంటే విన్నాను. మూడు తర్వాత వచ్చిన నాలుగోది అమ్మ. చీర నిండా వాసన, నోట్లో నురగలాంటి లాలాజలం, ఇంట్లో రాత్రి గొడవ. "గొడవైందా?" అని నాన్నని అడిగారు. "అయింది సార్." "ఇంక చెప్పేదేముంది."

దేవకుమారి సిస్టర్ అప్పుడు వచ్చారు. యాభై ఏళ్ళు ఉంటాయేమో, కళ్ళజోడు తాడుతో మెడలో వేలాడుతోంది. "ఆ చీర మార్చండి, వాసన చీరదో మనిషిదో తెలవాలి" అని మాత్రం నాతో అని, తెర లాగారు. ఇద్దరం కలిసి మార్చాం. అమ్మ చేతులు నా చేతుల్లో తడిసిన గుడ్డల్లా జారిపోతున్నాయి. చీర తీశాక వాసన తగ్గింది, పూర్తిగా మాత్రం పోలేదు. సిస్టర్ "తల ఎత్తమ్మా శాంతీ, దిండు సర్దుతాను" అన్నారు. అమ్మ ఎత్తలేకపోయింది. మెడలో నరాలు మాత్రం లేచాయి, తల కదల్లేదు. సిస్టర్ దిండు సర్దలేదు, దిండు కోసం అడగలేదని అప్పుడు నాకు తెలిసింది. తెర తీసి డాక్టరు గారి దగ్గరికి వెళ్ళి, అందరికీ వినపడేలా కాకుండా ఆయన పక్కన నిలబడి చెప్పారు. తెర పక్కనే ఉన్నాను కాబట్టి నాకు వినపడింది.

"సార్, మెడ నిలబడటం లేదు. రెప్పలు దిగుతున్నాయి. లాలాజలం ఎక్కువై కారట్లేదు, మింగలేక కారుతోంది. నాకు కట్లపాము అనుమానంగా ఉంది."

"కాటు ఎక్కడ?"

"కనపళ్ళేదు. కట్లపాముది చాలాసార్లు కనపడదు గదా సార్."

"పోయిన నెల కూడా ఇదే అన్నారు సిస్టర్."

"అన్నాను సార్. తప్పైంది. మందే తాగాడు ఆ అబ్బాయి. అందుకే ఈసారి నా మాట మీద చేయమనట్లేదు. మీరూ చూడండి."

ఆయన కళ్ళు నులుముకున్నారు. మందు తాగితే కంటిపాప సూదిమొనంత అవుతుందట, అమ్మ పాప పెద్దదిగా ఉంది. కానీ మా ఊళ్ళో ఆరెంపీ మందుకి విరుగుడని ఒక ఇంజెక్షను అప్పటికే పొడిచేశాడు, ఆ ఇంజెక్షనుకి కూడా పాప పెద్దదవుతుందట. కాబట్టి పాప ఎవరి పక్షమూ కాదు. ఊపిరితిత్తుల్లో తడి లేదని సిస్టర్ అంటే, అదీ ఇంజెక్షను వల్లే కావచ్చని ఆయన అన్నారు. పాము విరుగుడు ఊరికే ఎక్కించేది కాదనీ, కొందరికి పడక ఊపిరి అక్కడే ఆగుతుందనీ, తన చేతుల్లో అలా ఒకరికి జరిగిందనీ అన్నారు. నాకు ఇద్దరి మాటా నిజంగానే అనిపించింది. అదే భయం వేసింది. ఒకరు చెడ్డవాళ్ళయితే రెండోవాళ్ళని నమ్మొచ్చు. చివరికి సిస్టర్ "ఒక అరగంట సార్. పది నిమిషాలకోసారి ఒక్క ఊపిరిలో అంకెలు చెప్పిద్దాం. మందైతే, ఇంజెక్షను పడింది కాబట్టి అంకె నిలబడాలి, పెరగాలి. అప్పుడు నాదే తప్పని ఒప్పుకుంటా. తగ్గుతుంటే మీరు ఇంకోసారి ఆలోచించండి" అన్నారు. ఆయన గడియారం చూసి "సరే, పదీ ముప్పై ఐదు వరకు" అన్నారు. వేలం పాటలో ఇద్దరు ఒక మాట మీదకి వచ్చినట్టు ఉంది. వేలంలో ఉంది మా అమ్మ.

"లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టింది అమ్మ. డాక్టరు గారు కనుబొమలు ఎత్తి "మాట తేడాగా ఉంది" అంటే, "తేడా కాదు సార్, వడ్లు కొలిచేవాళ్ళు ఒకటిని అట్లాగే మొదలుపెడతారు" అన్నారు సిస్టర్. ఆయన గుంటూరు టౌనులోనే పుట్టి పెరిగారేమో. "అలాగా" అని చిన్నగా నవ్వారు. అలా నవ్వినప్పుడు ఆయన మా బడిలో కొత్తగా చేరిన ప్రసాదు మాస్టారి వయసువాడిలా, బాగా చిన్నవాడిలా కనపడ్డారు.

నిద్ర వస్తోంది. సిగ్గుగా ఉంది ఇలాంటప్పుడు నిద్ర రావడం, కానీ వస్తోంది. నాలుగింటికి లేచాను. రోజూ నాలుగింటికే లేస్తాను, పదో తరగతి కదా, నాన్న మార్టూరు రాళ్ళ పాలిషింగు షెడ్డుకి బయల్దేరే హడావిడి మొదలయ్యేలోపు ఇంట్లో అలికిడి తక్కువ. ఇప్పుడు ఇంట్లో పుస్తకం పెట్టుకునే చోటు కూడా లేదు, ముందు గది అంతా పత్తే. మొదటి తీత పత్తి. బయట ఆరబెడితే వాన, గోతాల్లో కుక్కితే తడి పట్టుద్దని నాన్న గదిలోనే కుప్ప పోయించాడు. నడుము ఎత్తు కుప్ప. పక్కన మిగిలిన చోట్లో మంచం, మంచం కింద నా పుస్తకాలు. మా వీధిలో అందరిళ్ళూ ఈ నెలలో ఇలాగే ఉంటాయి, మనుషులు పత్తి పక్కన సర్దుకుంటారు. రాత్రిళ్ళు కుప్పలో ఎలకలు కదులుతుంటే పత్తి ఊపిరి తీస్తున్నట్టు ఉంటుంది. అమ్మ రోజూ మంచం మీద నా పక్కన పడుకుంటుంది. నిన్న రాత్రి మాత్రం నాన్నతో గొడవపడి, ఎవరి పక్కనా వద్దని, పొలం నుంచి వచ్చిన చీర కూడా మార్చుకోకుండా, కుప్ప అంచున పత్తి మీదే ఒరిగిపోయింది. ఆ చీరకి వాసన ఎందుకుందో నాకు తెలుసు. నిన్నంతా పక్క చేలో మిరపకి మందు కొడుతుంటే అమ్మ నీళ్ళ బిందెలు మోసింది. ఇది నాకు తెలుసు. తెలిసి కూడా పొద్దున నేనేం చేశానో అదీ నాకు తెలుసు.

గొడవ పెద్దదేం కాదు. వేటపాలెంలో మా మేనత్త కూతురికి కాన్పు, అత్త జీడిపప్పు పనికి పోవాలి కాబట్టి ఇంట్లో మనిషి కావాలి, మా ఆవిడ పది రోజులు వచ్చి ఉంటదిలే అని నాన్న ఫోనులో చెప్పేశాడు. పక్కనే కూర్చుని మిరపకాయ తొడిమలు తీస్తున్న అమ్మని ఒక్క మాట అడగలేదు. "ఎదురుగుండానే ఉన్నాగా, అడిగితే నీ నోరు పోద్దా?" "అడిగేదేముంది, పోతావుగా." "పోతానో పోనో నేను చెప్పాల. నేను గోడనా?" అక్కణ్ణుంచి వాళ్ళ అమ్మ, వీళ్ళ నాన్న, పోయినేడు, అంతకుముందేడు. చివర్న అమ్మ ఆ మాట అంది. మా వీధిలో ఆడవాళ్ళు వారానికోసారి అనే మాటే. "ఇంతకన్నా ఏదన్నా తాగి చస్తే పీడా పోద్ది." అని, కుప్ప మీదకి ఒరిగింది. నేను మంచం మీద బోర్లా పడుకుని టార్చి వెలుగులో అదంతా డైరీలో రాశాను. ఎవరు ఏమన్నారో అన్నీ. ఆఖర్న నా మాట కూడా రాశాను. ఆ మాట గురించి ఇప్పుడు ఆలోచించను.

పదీ పదిహేను. "అమ్మా" అన్నాను. అమ్మ రెప్పల కింద నల్లగుడ్డు నా వైపు రావాలని చూసింది, రాలేదు, తల తిప్పినా వచ్చేది, తల కూడా తిరగలేదు. "లాభం, రెండు..." పద్దెనిమిది. పద్దెనిమిది తర్వాత ఇంకోటి అనబోయి గాలి చాలక పెదవులు మాత్రం ఆడాయి. అది లెక్క వేయాలా వద్దా అని తెలియక సిస్టర్ వైపు చూశాను. "వినపడిందే రాయి. మనకి కావాల్సింది కాదు" అన్నారు. పద్దెనిమిది రాశాను. డాక్టరు గారు వచ్చి అట్ట చూసి, "మగతలో ఉంది, మనసు పెట్టట్లేదు. నాలుగు తేడాకి ఏం చెప్పలేం" అన్నారు. సిస్టర్ "చెప్పలేం సార్" అని ఒప్పుకున్నారు. ఒప్పుకోకపోతే బాగుండునని నాకు అనిపించింది.

బుల్లయ్య పక్క మంచం దుప్పటి మారుస్తూ నాతో, "మా సిస్టర్‌కి అన్నీ పాములేనమ్మా. ముల్లు గుచ్చుకుని వచ్చినోడిక్కూడా కట్లపామే అనిద్ది. నువ్వు భయపడమాక" అన్నాడు. సిస్టర్ వెనక్కి తిరక్కుండానే "ఆ ముల్లు గుచ్చుకున్నోడు నువ్వేగదరా బుల్లయ్యా, వీధంతా వినపడేటట్టు ఏడ్చావు" అన్నారు. బుల్లయ్య నవ్వాడు. నాకూ నవ్వు వచ్చింది. కిటికీలోంచి సైకిళ్ళ స్టాండు దగ్గర నాన్న కనపడుతున్నాడు, గొంతుక్కూర్చుని. షెడ్డులో రాయి కోసే తెల్లదుమ్ము ఎంత స్నానం చేసినా ఆయన కనుబొమల్లో ఉంటుంది, ఎండలో ముసలాయనలా ఉన్నాడు. స్టేషను నుంచి కానిస్టేబుల్ వస్తాడట, రాసుకోవడానికి. మందు కేసు అని రాస్తే నాన్న ఇక జీవితాంతం ఆ రెండు మాటలూ మోస్తూ తిరగాలి. ఫోను చేశాను, అడగలేదు, అందుకు తాగింది. ఆయన అప్పుడే మోయడం మొదలుపెట్టేశాడు, భుజాలు చూస్తే తెలుస్తోంది.

నాలుగున్నర. నాలుగున్నరకి అమ్మ లేచింది. ఇది నాకు ఇందాకటి నుంచీ వస్తోంది, తోసేస్తున్నాను, మళ్ళీ వస్తోంది. నేను మంచం మీద కూర్చుని లెక్కలు ముందు పెట్టుకుని డైరీ రాస్తున్నాను. లెక్కలు రాకపోతే డైరీ రాస్తాను. అమ్మ కుప్ప మీంచి లేచి, "కడుపులో మెలిపెడతందే" అని గుమ్మం బయటికి వెళ్ళి వాంతి చేసుకుంది. వచ్చి గోడకి ఆనుకుని, "పత్తిలో ఏందో కదిలిందే, ఎలకేమో, నిద్ర పట్టనీలా. రెప్పలు లేవట్లా" అంది. నేను పుస్తకంలోంచి తల ఎత్తకుండా "నిద్ర చాలక" అన్నాను. రోజంతా నేను మాట్లాడే నాలుగు మాటల్లో రెండు అవి. అమ్మ మళ్ళీ పడుకుంది. నాకు చెప్పుకోవడానికి ఏమీ లేక అది కూడా డైరీలో రాశాను, టైము వేసి. ఐదున్నరకి కుళాయి దగ్గర వరసలో నిలబడటానికి వెళ్ళాను. ఆ టైములో నాన్న పొలానికి పోయాడు. నేను ఏడింటికి తిరిగొచ్చేసరికి అమ్మ నోట్లోంచి లాలాజలం కారుతూ పడి ఉంది. అందరి లెక్కా అదే, ఐదున్నరకీ ఏడింటికీ మధ్య ఇంట్లో ఎవరూ లేరు, అప్పుడు తాగింది. కానీ రెప్పలు లేవట్లేదని అమ్మ అన్నది నాలుగున్నరకి. నా కళ్ళ ముందు.

ఇది చెప్పాలి. లేచి నాలుగు అడుగులు వేసి చెప్పాలి. ఎలా మొదలుపెట్టాలి? సార్, అని. తర్వాత? మరి పొద్దున్నుంచి ఎందుకు చెప్పలేదు అంటే? నిజం చెప్పాలంటే నేను కూడా నమ్మాను. అది అసలు మాట. ఏడింటికి అమ్మని అలా చూసి నేను మొదట చేసింది అమ్మని లేపడం కాదు, వంగి నోరు వాసన చూడటం. తర్వాత మంచం కింద డబ్బా కోసం వెతకడం. నా పుస్తకాలన్నీ బయటికి లాగి వెతికాను. డబ్బా లేదు, అయినా ఎక్కడో పారేసి ఉంటుందనుకున్నాను. రాత్రి ఆ మాట విన్న చెవులు కాబట్టి, పొద్దున చూసిందల్లా ఆ మాటకి సరిపోయింది. నాలుగున్నరకి జరిగింది నాకు గుర్తే లేదు, గుర్తు ఉన్నా పనికొచ్చేదిలా కనపడలేదు. డాక్టరు గారికి రాత్రి నుంచి మూడు కేసులు. నాకు ఒక్క వాక్యం. అంతే తేడా. సుబ్బరావమ్మ అత్త ఉప్పునీళ్ళు కలుపుకొచ్చి అమ్మ నోట్లో పోస్తుంటే, మింగలేక ఉక్కిరిబిక్కిరి అవుతుంటే, తల పట్టుకుంది నేనే.

పదీ ఇరవై ఐదు. పదిహేను. పదమూడు దగ్గర ఒకసారి గొంతు తెగింది, పదిహేను దాకా ఈడ్చుకొచ్చింది. డాక్టరు గారు అవతలి వార్డులో ఉన్నారు. సిస్టర్ అట్ట చూసి, గడియారం చూశారు. ముప్పై ఐదుకి ఇంకా పది నిమిషాలు. మాట అంటే మాట, పది నిమిషాలు ఆగుతారు ఈవిడ. ఇరవై రెండు, పద్దెనిమిది, పదిహేను. లెక్కలు రాని నాకు కూడా ఆ వరస ఎటు పోతుందో తెలుస్తోంది.

సంచిలో చెయ్యి పెట్టాను. అడుగున డైరీ అట్ట తగిలింది. ఒకే పేజీ. అదే కష్టం. పైన రాత్రిది, కింద నాలుగున్నరది. పైన అమ్మ అన్న మాట ఉంది, "ఏదన్నా తాగి చస్తే" అని, నా గుండ్రటి అక్షరాల్లో, కొటేషన్ గుర్తులు పెట్టి మరీ. ఆ మాట చూస్తే డాక్టరు గారికి అది చాలు. ఆ మాట కింద నేను రాసింది ఉంది. "పోతే పోనీ. ఈ ఇంట్లో ఒక్క రాత్రి గోల లేకుండా నిద్రపోవాలి నాకు." నేనే రాశాను అది. రాసినప్పుడు అలసట తప్ప ఏమీ లేదు, కోపం కూడా లేదు. ఇప్పుడు చూస్తే అది వేరేవాళ్ళు రాసినట్టుంది. పైది దాచి కిందది చూపించాలంటే పేజీని మధ్యకి మడవాలి. మడిచాను. లేచాను. నాలుగు అడుగులు వేసి డైరీ సిస్టర్ ముందుకి పెట్టాను. "నాలుగున్నరకి" అన్నాను. అంతే వచ్చింది.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని చదివారు. చదివి నా వైపు చూసి, మడత మీద వేలు పెట్టి, "పైన ఏముంది తల్లీ?" అన్నారు. "నాకు పనికొచ్చేదే చూపిస్తే మిగతాది నేనే దాచానంటారు. దాస్తే ఆయన నమ్మడు, నమ్మాల్సిన అవసరమూ లేదు. విప్పనా?" అడిగారు. విప్పలేదు ఆవిడ, అడిగారు. మా ఇంట్లో నిన్న రాత్రి ఒక్క మనిషి ఇలా అడిగి ఉంటే అమ్మ ఇక్కడ ఉండేది కాదు. నేను మడత విప్పాను.

ఆవిడ అంతా చదివారు. నా వాక్యం దగ్గర ఆగారో లేదో నాకు తెలియదు, నేను నేల వంక చూస్తున్నాను. తర్వాత నా భుజం పట్టుకుని అవతలి వార్డులోకి నడిపించారు. "సార్, ఇది చూడండి. నాకు వ్యతిరేకంగా ఉన్నది కూడా ఇందులోనే ఉంది, ముందు అది చదవండి" అన్నారు.

ఆయన నిలబడే చదివారు. రెండోసారి చదివారు. "ఇది ఎప్పుడు రాశావు?" "అప్పుడే." "ఏడు తర్వాత కాదు కదా? గుర్తు తెచ్చుకుని?" "కాదండి. నాలుగున్నరకి. లెక్కలు రాక." "రెప్పలు లేవట్లేదని అమ్మే అందా, నువ్వు అనుకున్నావా?" "అమ్మే అంది. నేను నిద్ర చాలక అన్నాను." నా జీవితంలో కొత్తవాళ్ళతో ఇన్ని మాటలు ఒకేసారి ఆడటం అదే మొదలు. ఆయన డైరీ మూసి నా చేతికిచ్చి, అమ్మ మంచం దగ్గరికి దాదాపు పరుగెత్తినట్టు వెళ్ళారు. "అమ్మా శాంతీ, నా వేలు చూడు, ఇటు, ఇటు." వేలు కదిలింది, అమ్మ కళ్ళు కదల్లేదు. "తల ఎత్తు." ఎత్తలేదు. "ఇందాక కూడా చూశాను ఇది" అన్నారు, సిస్టర్‌తోనో తనతోనో. "చూసి మత్తు అనుకున్నాను. మందైతే మనిషి నడుస్తూ మాట్లాడుతుండగానే రెప్పలు దిగవు."

"నేను తప్పయితే సార్..." అని సిస్టర్ మొదలుపెట్టారు.

"మీరు తప్పయితే ఇద్దరం తప్పు. విరుగుడు తీయండి. పది సీసాలు."

"పడకపోతే అని మీరు అన్నారుగా, దానికి ఇంజెక్షను ముందే నింపి పక్కన పెట్టాను. పొద్దున్నే నింపాను."

ఆయన ఆవిడ వైపు చూశారు. పొద్దున్నే అంటే ఆయన కాదన్నప్పుడే. సీసాల మూతలు ఊడదీయడం మొదలుపెట్టారు. కేసు షీటు మంచం మీద తెరిచి ఉంది. పైన ఎర్ర సిరాతో ఆయన రాసిన మందు అనే మాట ఉంది. బుల్లయ్య "అది కొట్టేయమంటారా సార్, కానిస్టేబుల్ చూస్తాడు" అంటే, "కొట్టెయ్యొద్దు. నేను ఏమనుకున్నానో అది ఉండాలి. కింద రాస్తాను" అన్నారు. కింద టైము వేసి రాశారు. పది ముప్పై ఒకటి. సంతకం పెట్టి, షీటు సిస్టర్ ముందుకి తిప్పారు. ఆవిడ కూడా పెట్టారు.

ఆ తర్వాత అంతా త్వరగా జరిగింది, నాకు మాత్రం నెమ్మదిగా గుర్తుంది. విరుగుడు చుక్కలు పడుతున్నాయి. పదీ నలభై ఐదుకి నేను అడగబోతే సిస్టర్ "అడుగు" అన్నారు. "లాభం" అంది అమ్మ. రెండు. మూడు. తొమ్మిది దగ్గర ఆగింది. విరుగుడు వెళుతున్నా ఇంకా తగ్గుతుందని, ముందే ఎక్కిన విషం తన పని తను చేసుకుంటుందని, వెనక్కి రావడానికి రోజులు పట్టొచ్చని సిస్టర్ చెప్పారు, అబద్ధం చెప్పకుండా. తొమ్మిది రాశాను. ఆ తర్వాతది రాయాల్సిన పని లేకపోయింది, అమ్మ నోట్లోంచి గొట్టం వేశారు, గొట్టానికి ఒక సంచి లాంటిది తగిలించారు, దాన్ని నొక్కుతుంటేనే అమ్మ ఛాతీ లేస్తోంది. గుంటూరు తీసుకెళ్ళడానికి అంబులెన్సు వస్తోంది, అరగంట. అప్పటిదాకా చేత్తో నొక్కాలి. మొదట డాక్టరు గారు నొక్కారు. కాసేపటికి బుల్లయ్య "లెగండి సార్, నేను నొక్కుతా, మీరు పోయి టీ తాగండి" అని లాక్కున్నాడు. సిస్టర్ వైపు తిరిగి "పామేనంటావా అక్కా?" అన్నాడు, ఈసారి వెక్కిరింత లేదు. "తెలీదురా. నొక్కు" అన్నారు ఆవిడ.

డాక్టరు గారు టీ తాగలేదు. బయటికి వెళ్ళి సైకిళ్ళ స్టాండు దగ్గర నాన్న ముందు నిలబడటం కిటికీలోంచి చూశాను. ఆయన ఏదో చెప్పారు. నాన్న లేచాడు, మళ్ళీ కూలబడ్డాడు, తల మీద రెండు చేతులూ పెట్టుకున్నాడు. బరువు దిగినట్టు లేదు, భుజం మారినట్టు ఉంది. కాసేపటికి గుమ్మంలోకి వచ్చి "తాగలేదంటమ్మా" అని నాకు చెప్పాడు, నాకేదో తెలియనట్టు. సుబ్బరావమ్మ అత్తకి ఫోను చేశాడట, పత్తి కుప్ప కర్రలతో తిరగేయించాడట. పాము దొరకలేదు. గోడ మూల ఎలక గూడు మాత్రం దొరికింది, పిల్లలతో. "అడగాల్సింది" అన్నాడు. ఎవరిని, ఏం అడగాలో చెప్పలేదు. అమ్మని అడిగి చెబుతానని అనాల్సింది వేటపాలెం ఫోనులో. నాకు అర్థమైంది.

డైరీ తెరిచాను. ఆ పేజీ చింపేద్దామనే తెరిచాను. ఎవరూ చూడట్లేదు, గట్టిగా లాగితే వచ్చేస్తుంది. పోతే పోనీ, అని ఉంది అక్కడ. నేను అనుకున్నదే. ఎర్ర సిరా మాట అలాగే ఉంచి కింద రాసిన డాక్టరు గారి చెయ్యి గుర్తొచ్చింది. చింపలేదు. కింద టైము వేశాను, పది యాభై ఎనిమిది. ఏం రాయాలో తెలియలేదు. చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుని, "పోవద్దు" అని రాశాను.

దేవకుమారి సిస్టర్ పక్క కుర్చీలో కూలబడి కాళ్ళు చాపుకున్నారు. ఆవిడ పాదాలు చెప్పుల పట్టీల చుట్టూ వాచి ఉన్నాయి. "మీ అమ్మకి అన్నీ వినపడతాయి తెలుసా?" అన్నారు కళ్ళు మూసుకునే. "కదల్లేకపోతోంది, రెప్పలు తెరవలేకపోతోంది, అంతే. లోపల మెలకువగానే ఉంటది. చుట్టూ ఏం జరుగుతుందో తెలీక భయపడతా ఉంటది. మాట్లాడు."

ఏం మాట్లాడను? నాకు మాట్లాడటం రాదు. చర్చిలో అందరి ముందూ నిలబడినప్పుడు నా బదులు చదివిన మనిషి ఇప్పుడు ఒక్క మాట అనలేకపోతోంది. లెక్క చెప్పమని పిలవడం తప్పితే, నాలుగున్నరకి నేను తల ఎత్తకుండా అన్న రెండు మాటలే నా నుంచి ఆమె చివరగా విన్నది. ఫ్యాను గాలి వేరే మంచానికి వెళుతోంది. బుల్లయ్య చేతులు నొక్కుతున్నాయి, వదులుతున్నాయి, అమ్మ ఛాతీ లేస్తోంది, దిగుతోంది. అమ్మ చెయ్యి తీసుకున్నాను. వెచ్చగా ఉంది, పత్తి నూగు గోళ్ళలో ఇంకా ఉంది. చెవి దగ్గరికి వంగాను. పొద్దున వాసన చూడటానికి వంగినంత దగ్గరికి.

"లాభం" అన్నాను. గొంతు పలకలేదు. మళ్ళీ అన్నాను, బుల్లయ్య తల తిప్పి చూసేంత గట్టిగా. "లాభం. రెండు. మూడు." తొమ్మిది వచ్చింది, అమ్మ ఆగిన చోటు. ఊపిరి తీసుకోకుండా దాటాను. పదిహేను, పద్దెనిమిది, ఇరవై రెండు. నా గాలి అయిపోయింది. పీల్చుకుని, మళ్ళీ మొదటికి రాకుండా, ఇరవై మూడు అన్నాను.